అమ్మవారి పండుగ, అబుదాబి ఫోను, యూట్యూబు పాస్టరు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అత్తవారింట చైత్రంలో ఊరి అమ్మవారికి తొలేళ్లు (పండుగ ముందురోజు తంతు), ముర్రాటలు (పసుపునీళ్ల కుండలు), ఘటం (అమ్మవారి పేర ఊరేగే కుండ), మేకపోతు బలి తరతరాలుగా నడుస్తున్నాయి. మా మరిది నాలుగేళ్లు అబుదాబిలో పైపు ఫిట్టరుగా చేసి వచ్చాడు. వచ్చినప్పటినుంచీ పోతును కొట్టడం హిందూ ధర్మం కాదు, పంతుల్ని పిలిచి హోమం చేయించాలి అంటున్నాడు. మా వీధిలో ఆదివారం ప్రార్థన పెట్టుకునే ఇంటిని వీడియో తీసి ‘మతమార్పిడి కేంద్రం’ అని గ్రూపుల్లో పెట్టాడు. మా చెల్లెలిది విశాఖలో ఉద్యోగం. అక్కడే బాప్తిస్మం తీసుకుంది. యూట్యూబులో ఒక పాస్టరు చెప్పిందే దానికి వేదం. ప్రసాదం దెయ్యానికి పెట్టిన కూడంటుంది, జీతంలో పదోవంతు ఆయనకి పంపుతుంది. దానికి ఆస్తిలో వాటా లేదని మా నాన్న కేకలేస్తున్నారు. మా అత్తగారు మాత్రం పీరు దగ్గరా, చర్చి ముందూ కూడా దండం పెట్టుకుని పోయే మనిషి. ఐదో క్లాసు చదివే మా అబ్బాయి పక్కింటి పిల్లలతో ఆడనంటున్నాడు. ప్రపంచమంతా ఒక్కటైపోయిందంటారే, మరి దేవుడి పేరున పట్టింపులు తగ్గాలిగాని ఇలా పెరిగాయేం? ఈ ఏడు పండుగ ఎలా గట్టెక్కించాలి?

– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మరిదికీ మీ చెల్లెలికీ ఒకరంటే ఒకరికి పడదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. కానీ ఇద్దరి కోపమూ ఒక్కరి మీదే, మీ అత్తగారు మొక్కే అమ్మవారి మీద. ఒకరికి ఆవిడ సరైన హిందూ దేవత కాదు, రెండోవారికి అసలు దేవతే కాదు. మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

లోకం కలిసిపోతే మతం పలచబడుతుందని మీరొక్కరే అనుకోలేదు. పీటర్ బెర్గర్ అనే పేరుమోసిన సమాజశాస్త్రవేత్త 1968లో, 21వ శతాబ్దం వచ్చేసరికి భక్తులు చిన్న చిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారని జోస్యం చెప్పాడు. 1999కల్లా ఆయనే ఆ అంచనా తప్పని రాసుకోవాల్సి వచ్చింది. భక్తి ఎక్కడికీ పోలేదు. దానికి ఊరితో ఉన్న ముడి మాత్రం ఊడింది.

మీ పండుగనే చూడండి. అందులో ఏం నమ్మాలో ఎవరూ రాసిపెట్టలేదు. ఘటం ఏ ఇంటి నుంచి లేవాలి, మొదటి ముర్రాట ఎవరిది, డప్పు ఎవరు కొట్టాలి, పోతు తల ఎవరికి, తొడ ఎవరికి, ఇదే దాని శాస్త్రం. అందులో కులం లెక్క కూడా ఉంది, అంతా కమ్మగా ఉండేదని అనలేం. ఇంతగా ఊరికి అంటుకున్న దేవతని లేబరు క్యాంపుకి మోసుకెళ్లడం కుదరదు. ఒక గదిలో ఏడెనిమిది మంది ఉంటారు. ఒకడిది బీహారు, ఒకడిది రాజస్థాన్, ఒకడిది మన గంజాం. మీ ఊరి అమ్మవారు పక్కమంచం వాడికి తెలీదు, వాడి ఊరి మాత మీవాడికి తెలీదు. అందరికీ తెలిసినవి టీవీలో చూసిన రాముడు, ఫోన్లో మోగే పాట, ఒకే రంగు జెండా. గుణుపురంలో ఫలానా వీధి, ఫలానా ఇంటిపేరు అయిన మనిషి అక్కడ ఫారంలో మతం అన్న గడిలో రాసిన ఒక్క మాటకి కుదించుకుపోతాడు. పక్క గదిలో పాకిస్తాన్ నుంచో బంగ్లాదేశ్ నుంచో వచ్చిన కుర్రాడికీ ఇదే జరుగుతుంది. వాడి ఊరి దర్గా, ఉర్సు వెనక్కి పోయి, అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండే పుస్తకపు ఇస్లాం ముందుకొస్తుంది. మీ చెల్లెలిది కూడా బహుశా ఇలాంటి దారే. విశాఖలో అద్దెగది, షిఫ్టులు, అప్పు వాయిదాలు. పేరు పెట్టి పిలిచి అన్నం తిన్నావా అని అడిగింది ఆ ప్రార్థన గుంపే అయ్యుంటుంది. వాళ్లు అడిగినందుకు తప్పు పట్టలేం.

ఛాందసం ముసలితనపు జబ్బనుకుంటాం. మీ ఇంట్లో లెక్క తిరగబడింది చూడండి. ముసలావిడ మూడు గుమ్మాల ముందు దండం పెడుతోంది, గీతలు గీస్తున్నది కుర్రవాళ్లు. ఊరు వదిలిన మతానికి చుట్టూ చూసి అనుకరించే పెద్దలుండరు. కాబట్టి నియమాల పట్టిక కావాలి: ఏది నమ్మితే మనవాడు, ఏది నమ్మకపోతే పరాయివాడు. ఆ పట్టిక చిన్నదిగా, కరుగ్గా, ఎక్కడికైనా పట్టుకుపోయేలా ఉండాలి. దాన్ని మోసే బండి ఎప్పుడూ కొత్త కాలానిదే. అమెరికాలో 1910–1915 మధ్య లైమన్ స్టీవర్ట్ అనే చమురు వ్యాపారి డబ్బుతో, నికార్సైన క్రైస్తవుడు ఏవేవి నమ్మాలో చెప్పే 12 సంపుటాలు అచ్చయ్యాయి. సుమారు 30 లక్షల ప్రతులు పాస్టర్లకీ మిషనరీలకీ పోస్టులో ఉచితంగా వెళ్లాయి. 1973లో చమురు ధర ఎగిశాక సౌదీ డబ్బు ఎన్నో దేశాల్లో మసీదులకీ మదరసాలకీ, తనకు నచ్చిన పుస్తకాలకీ చేరింది. మన దగ్గర 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా దూరదర్శన్‌లో వచ్చిన రామాయణం, ఊరికో తీరుగా ఉన్న కథని దేశమంతా ఒకే మొహంతో చూపించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇక పోస్టుమాన్ కూడా అక్కర్లేదు. మీ చుట్టూ కొండల మీది సవర గిరిజనులకైతే ఇది చాలా పాత అనుభవం. గజపతి జిల్లా సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషన్ పెట్టిన నాటినుంచీ, పోయినవాళ్లతో మాట్లాడే పాత తంతు ఊరు తర్వాత ఊరు తగ్గుతూ వచ్చింది.

డబ్బు ఊరికి తిరిగొచ్చినప్పుడు జరిగేది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ ఛాందసం అనుకోరు. వేపచెట్టు కింద రాతిగద్దె ఉంటుంది. గల్ఫ్ నుంచో సూరత్ మగ్గాల నుంచో చందాలొస్తాయి, సిమెంటు గుడి లేస్తుంది, టైల్సు పరుస్తారు, గోపురం పెడతారు. వేర్లు పునాదికి అడ్డమని వేప కొట్టేస్తారు. శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కుతారు. ‘ఇంత ఖర్చు పెట్టాం, పద్ధతిగా ఉండాలి’ అని పంతులు వస్తారు, ఘటం పట్టే ఇంటివాళ్లు గుమ్మం బయటికి జరుగుతారు. పోతు గోడ వెనక్కి, ఆ తర్వాత ఏడు అసలు లేకుండా పోతుంది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కానీ ఊరి దేవత చేతులు మారింది. మీ మరిది హోమం మాట వెనక ఇది ఉందేమో కనుక్కోండి. అతను ఎంత చందా ఇచ్చాడో, ఏం మారుస్తామని అతనికి ఎవరు మాటిచ్చారో తెలిస్తే సగం గొడవ విడిపోతుంది.

ఇక చెయ్యాల్సిన పనులు. పండుగకంటే ముందు వీడియో. అది పండుగ దాకా ఆగే విషయం కాదు.

వాట్సాప్‌లో పెట్టినవాడు ‘అందరికీ డిలీట్’ చెయ్యడానికి సుమారు రెండున్నర రోజులే గడువు. గ్రూపు అడ్మిన్ కూడా తీసెయ్యగలడు, కాబట్టి ఆలస్యం చెయ్యకండి. మీ మరిది ఏయే గ్రూపుల్లో పెట్టాడో కాగితం మీద రాయించి, ఒక్కో అడ్మిన్‌కి ఫోన్ చేయించండి. తర్వాత మీ మరిదే, ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని, ఆ ప్రార్థన ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పాలి. మెసేజ్ పంపితే సరిపోదు, ఆ వీడియోలో వాళ్ల ఆడవాళ్ల మొహాలు, పిల్లల మొహాలు ఉన్నాయి.

అతనితో మాట్లాడేటప్పుడు మతసామరస్యం గురించి చెప్పకండి, వినడు. పాస్‌పోర్టు గురించి చెప్పండి. మతాల మధ్య వైరం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద, కావాలని మతాన్ని అవమానించడం 299 కింద నేరాలు. రెండిటికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది. క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించవచ్చు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మళ్లీ గల్ఫ్ వెళ్లాలనుకునే ఫిట్టరుకి ఇది జైలుకంటే దగ్గరి భయం. పైగా గుణుపురంలో పెట్టింది అబుదాబిలో కనిపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో ఇస్లాం మీద పెట్టిన పోస్టుల వల్ల ఎమిరేట్స్‌లో కొందరు భారతీయుల ఉద్యోగాలు పోయాయి, మన రాయబారే హెచ్చరించాల్సి వచ్చింది. క్రైస్తవాన్ని కించపరచడం కూడా అక్కడి చట్టంలో నేరమే.

‘మరి మతమార్పిడి జరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా’ అంటాడు. ఒడిశాలో 1967 నుంచే దీనికి చట్టం ఉందని చెప్పండి. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్పిస్తే శిక్ష. 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1989 నియమాల ప్రకారం మారేవాళ్లు మేజిస్ట్రేటు ముందు ప్రకటన ఇవ్వాలి, ఆ తంతు జరిపేవారు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకి తెలపాలి. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే చెయ్యాలని ఆ చట్టంలోనే ఉంది. ఫోన్ కెమెరాకి ఆ అధికారం లేదు. క్రైస్తవులు తమ ఇంట్లో ఆదివారం పాటలు పాడుకోవడం మార్పిడి కిందికి రాదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీ జిల్లాకి ఆనుకున్నదే కంధమాల్. 2008 ఆగస్టు 23న విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద హత్య తర్వాత అక్కడ చర్చిలు, ఇళ్లు తగలబడి వేలమంది సహాయ శిబిరాల పాలయ్యారు. అప్పుడు ఇంత సులువైన ఫోన్లు కూడా లేవు. మీ మరిది గ్రూపులో ఎవరైనా ఇళ్ల జాబితా అడిగినా, కొనుగోళ్లు బహిష్కరించమన్నా, ఫలానా రోజు కర్రలతో రమ్మన్నా అది ఇంటి విషయం కాదు. స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనపడేలా, పోలీస్ స్టేషనుకి వెళ్లండి. అత్యవసరమైతే 112.

ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే అతనికి గ్రూపే ఇల్లవుతుంది. నలుగురి ముందు ‘అది అబద్ధం’ అని తేల్చడం కూడా వద్దు. ఓడినవాడు నమ్మకం మార్చుకోడు, మనిషిని మార్చుకుంటాడు. వారానికి ఒక్క ఫార్వర్డు తీసుకుని, ఇద్దరే ఉన్నప్పుడు, అతని చేతే పరీక్ష చేయించండి. మెసేజ్ మీద జంట బాణాలుంటే అది ఇప్పటికే కనీసం ఐదుసార్లు చేతులు మారింది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిది ఒకసారికి ఒక్కరికే పంపడం కుదురుతుంది. వీడియో అయితే దుకాణం బోర్డు గాని బండి నంబరు గాని స్పష్టంగా కనిపించే చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. బోర్డు మీద అక్షరాలు ఏ భాషవో చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, ‘మన రాయగడలో’ అన్న వీడియోలో ఒడియా ముక్క ఒక్కటీ ఉండదు. వాట్సాప్ ప్రైవసీలో గ్రూపుల దగ్గర ‘నా కాంటాక్టులు’ అని మారిస్తే ముక్కూమొహం తెలీనివాళ్లు గ్రూపుల్లో చేర్చలేరు. యూట్యూబులో పాత వాచ్ హిస్టరీ చెరిపేసి, ఆటోప్లే ఆపండి. ఇది చెల్లెలి ఫోనుకీ వర్తిస్తుంది. ఒక ప్రసంగం చూసినవాళ్లకి అలాంటివే ఇంకా చూపించి కూర్చోబెట్టడం ఆ యంత్రానికి లాభం, అది ఏ మతమన్నది దానికి పట్టదు.

పోతు సంగతి. ‘ఇది హిందూ ధర్మం కాదు’ అన్న మాటకి జవాబు పూరీలోనే ఉంది. జగన్నాథుడి ఆలయ ఆవరణలో ఉన్న విమలాదేవికి దసరా రోజుల్లో, తెల్లవారక ముందు, జంతుబలి జరిగే ఆచారం ఉంది. అస్సాంలో కామాఖ్య దగ్గర బహిరంగంగానే జరుగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పండి. రథయాత్ర రోజుల్లో జగన్నాథుణ్ణి ముట్టుకుని సేవ చేసే హక్కు దైతాపతులది, వాళ్లు శబర విశ్వావసు వంశంవాళ్లమని చెప్పుకుంటారు. మీ కొండల మీది సవరలకి చుట్టాలన్నమాట. బరంపురంలో రెండేళ్లకోసారి అక్కడి ఊరి దేవత ఠాకురాణి పుట్టింటికొచ్చేది కూడా నేతవాళ్ల పెద్ద దేశిబెహరా ఇంటికే. ఘటం పట్టేవాళ్లని బయటికి పంపాలనే ముందు ఇవి ఒకసారి ఆలోచించమనండి.

చట్టం సంగతికొస్తే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం మతాచారం కోరిన పద్ధతిలో జంతువుని చంపడం ఆ చట్టం కింద నేరం కాదు. అయితే సరిహద్దు దాటి ఆంధ్రలోని భామిని, కొత్తూరు వైపు వెళ్తే 1950 నుంచీ గుడి దగ్గరా, ఊరేగింపులోనూ బలి ఇవ్వడం మీద నిషేధ చట్టం ఉంది. అక్కడి చుట్టాల మాట విని ఇక్కడ ‘చట్టవిరుద్ధం’ అని వాదిస్తుంటారు, ఇక్కడి ధీమాతో అక్కడ పోతుని కొట్టి ఇరుక్కుంటారు. మీ ఊళ్లో ఈ ఏడు స్థానికంగా ఆంక్షలేమైనా పెట్టారేమో తొలేళ్లకి మూడు వారాల ముందే తహసీల్దారు ఆఫీసులో, స్టేషనులో కనుక్కోండి. మీ మరిదికి రక్తం చూడ్డం నిజంగానే ఇష్టం లేకపోతే అది గౌరవించాల్సిన మాటే. పోతు దగ్గర నిలబడమనకండి, చందా లెక్కలో, మంచినీళ్లలో, లైటింగులో పని అప్పగించండి. అతని డబ్బుతో హోమం విడిగా వేరే రోజు పెట్టుకోవచ్చు. ఘటం లేచే వరస మాత్రం అత్తగారి మాట ప్రకారమే జరగాలి. ఇష్టం అతనిది, ఊరి వరస అతనొక్కడిదీ కాదు.

చెల్లెలి విషయంలో నాకు కనిపిస్తున్న చిక్కు ప్రసాదం కంటే డబ్బు. ప్రసాదానికి దారి చిన్నదే. నైవేద్యం తియ్యకముందే ఒక గిన్నెలో దాని అన్నం, కూర వేరుగా తీసి, అలా తీశామని దానికి చెప్పండి. విగ్రహానికి పెట్టిన ఆహారం తినొచ్చా అన్న ప్రశ్న రెండువేల ఏళ్లనాటిది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు దీని గురించే. అడక్కుండా ముందు పెట్టింది తినమనీ, ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం మానమనీ ఉంది అందులో. కాబట్టి తెలియకుండా కలిపి పెట్టి, తిన్నాక నవ్వడం లాంటి పని మీ ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు. దెయ్యం అన్న మాట మాత్రం అత్తగారి గుమ్మం లోపల అనొద్దని మీరే, అక్కగా, సూటిగా చెప్పండి. విశాఖలో తీసుకున్న బాప్తిస్మానికి ఒడిశా చట్టంతో పనిలేదు, ఆ బెదిరింపు ఎవరూ వాడకండి.

పదోవంతుకి మూడు ప్రశ్నలు అడగమనండి. డబ్బు పంపేటప్పుడు తెర మీద ట్రస్టు పేరొస్తోందా, మనిషి పేరా? ప్రతిసారీ నంబరున్న రసీదు వస్తోందా? ఏటా జమాఖర్చు చూపిస్తున్నారా? మూడింటికీ అవునంటే అది ఆమె జీతం, ఆమె ఇష్టం. స్వస్థతకో ఉద్యోగానికో ‘విత్తనం’ అని ఇంకా పంపమంటున్నా, అప్పు చేసి పంపుతున్నా, మందులు మానమన్నా అక్కడ మాత్రం గట్టిగా అడ్డుపడండి. గోశాలకనో గుడికనో క్యూఆర్ కోడ్ పంపేవాళ్లకి మీ మరిది వేసే డబ్బుకీ ఇవే మూడు ప్రశ్నలు. ఇంకో జాగ్రత్త: విదేశీయుల విరాళం మీ ఖాతాలో వేయించుకుని ఏ సంస్థకైనా అందించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అలాంటి సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, ఒకరి నుంచి ఒకరికి మార్చడం నిషిద్ధం.

మీ అబ్బాయికి ఉపన్యాసం అక్కర్లేదు. రాత్రిళ్లు బాబాయి ఫోను వాడి చేతికి వెళ్తోందా చూడండి, వెళ్తుంటే అది ఆపితే చాలు. వీడియో గురించి ఆ ఇంటికి వెళ్లే రోజున వాణ్ణి కూడా తీసుకెళ్లండి. బాబాయి తప్పు దిద్దుకోవడం వాడు కళ్లారా చూడాలి.

నాన్నగారి కేకల్లో చట్టం లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ మతం మారినవాళ్ల వాటా తియ్యలేదు. మారాక పుట్టిన పిల్లలకి మాత్రం హిందూ బంధువుల నుంచి వారసత్వం రాదు, ఆస్తి ఉన్నవాళ్లు పోయి వారసత్వం తేలే నాటికి ఆ పిల్లలు హిందువులైతే తప్ప. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. నాన్నగారు సొంతంగా సంపాదించుకున్నదైతే వీలునామా ఎవరికైనా రాసుకోవచ్చు, అది ఆయన ఇష్టం. ఏది పిత్రార్జితం, ఏది స్వార్జితం అన్నది కాగితాలు పట్టుకుని లాయరుకి చూపించండి. ఆడవాళ్లకి జిల్లా న్యాయసేవా సంస్థలో ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా చెబుతారు, ఫోన్ నంబరు 15100.